పికప్ వెనుక కమానులు: కాటా దగ్గర మొదలైన పని

61,240 కి.మీ.

రాళ్లదారిలో రెండు రోజులు తిరిగి వచ్చి ఈ డైరీ మొదలుపెడుతున్నాను. సామాను నింపుకున్న పికప్ ప్రతి గుంతలోనూ వెనుక నుంచి ధన్‌మని కొట్టింది. ఆ దెబ్బ ఎక్కడిదో తెలుసు. యాక్సిల్ (వెనుక చక్రాలను కలిపే ఇరుసు) పైకి లేచి ఛాసిస్ (బండి ఇనుప చట్రం) కింద ఉన్న బంప్ స్టాప్ రబ్బరుకు తగులుతోంది. ఎంత తరచుగా, ఎంత గట్టిగా తగులుతోందో మాత్రం తెలియదు.

సామాను దించకుండానే స్కేలు పెట్టి చూశాను. యాక్సిల్‌కూ రబ్బరుకూ మధ్య సందు 15 మిల్లీమీటర్లు. బొటనవేలు కూడా పట్టదు. ఆ సందులో రెండు వైపులా బంకమట్టి ముద్దలు పెట్టి, ఊరి బయటి మట్టిబాటలో నాలుగు కిలోమీటర్లు మెల్లగా నడిపి వచ్చాను. ముద్దలు కాగితంలా అయిపోయాయి, రబ్బరు మీది గీతలు మట్టి మీద అచ్చు పడ్డాయి. ఇక అనుమానం అక్కరలేదు. ఈ బండి స్ప్రింగుల మీద నడవడం లేదు, రబ్బరు దిమ్మల మీద నడుస్తోంది.

మనసులో మాట కూడా రాసుకోవాలి. చాలా నెలలుగా నాకు బండిని రెండంగుళాలు ఎత్తించాలని ఉంది. ఎత్తు కోసం కమానులు (ఉక్కు పట్టీలు కట్టగా పేర్చిన లీఫ్ స్ప్రింగులు) మార్చడం వేరు, మోత (బరువు మోసే శక్తి) కోసం మార్చడం వేరు. ఏది నాకు కావాలో తేలేదాకా ఏమీ కొనకూడదని నిర్ణయించుకున్నాను.

61,262 కి.మీ.

షాక్ అబ్జార్బర్ల సంగతి. అలలు అలలుగా గట్టిపడిన మట్టిరోడ్డు మీద అరగంట నడిపి, ఆగిన వెంటనే పరారుణ థర్మామీటరుతో రెండింటినీ చూశాను. కుడిది 92 డిగ్రీలు, ఎడమది 48.

ముందు కుడిదే పాడయిందని అనుకున్నాను, అంత వేడెక్కింది కాబట్టి. ఒక్క క్షణం ఆలోచిస్తే విషయం తలకిందులు. షాక్ అబ్జార్బర్ చేసే పనే ఊపును వేడిగా మార్చడం. పిస్టన్‌లోని సన్నని రంధ్రాల గుండా నూనె దూరేటప్పుడు పుట్టే వేడి అది. వేడెక్కనిది పని చేయడం లేదన్న మాట. ఎడమదాని గొట్టం తుడిచి చూస్తే సీలు దగ్గర నూనె తడి, దాని మీద దట్టంగా దుమ్ము. ఒక్కటే రెండింటి పనీ చేస్తోంది కాబట్టి కుడిది అంతగా కాగింది.

కొత్త కమానులకు పాత షాకులు వాడాలన్న ఆలోచన ఇక్కడితో ముగిసింది.

61,310 కి.మీ.

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన రోజు ఇదే. కమానుల దగ్గర ఒక్క బోల్టూ విప్పకుండానే.

వేబ్రిడ్జి కాటాకు మూడుసార్లు వెళ్లాను. మొదట ప్రయాణపు సామానంతా ఉంచి, తర్వాత రోజూ ఉండే సామానుతో, చివరికి వెనుక తొట్టి మీది కప్పు విప్పి, సొరుగుల పెట్టె దించి, పూర్తిగా ఖాళీ చేసి. మూడు సార్లూ ట్యాంకు నిండా ఇంధనం. ప్రతిసారీ ముందు చక్రాలు ఒకసారి, వెనుక చక్రాలు ఒకసారి, మొత్తం బండి ఒకసారి.

ఖాళీ బండి: ముందు 1,110 కిలోలు, వెనుక 790. కప్పు, సొరుగులు, పనిముట్లు, రెండో బ్యాటరీ ఉన్న రోజువారీ బండి: ముందు 1,100, వెనుక 990. మనుషులు, నీళ్లు, అదనపు ఇంధనం, గుడారం, వెనుక బంపరుకు వేలాడే స్పేర్ చక్రం అన్నీ కలిసిన ప్రయాణపు బండి: ముందు 1,180, వెనుక 1,340. ప్లేటు మీద రాసి ఉన్న పరిమితి వెనుక యాక్సిల్‌కు 1,700, మొత్తానికి 2,850. పరిమితి లోపలే ఉన్నాను. ఇది ముఖ్యం, ఎందుకంటే ఎంత గట్టి కమాను వేసినా ఆ ప్లేటు మీది అంకె మారదు. బ్రేకులు, బేరింగులు, యాక్సిల్ గొట్టం, ఛాసిస్ అన్నీ ఆ అంకె కోసమే తయారయ్యాయి.

రోజువారీ సామానులో ముందు బరువు 10 కిలోలు తగ్గడం గమనించాలి. వెనుక యాక్సిల్‌కు వెనకగా ఉన్న బరువు త్రాసులా ముందు భాగాన్ని లేపుతుంది. నా బండి చక్రాల మధ్య దూరం 3.1 మీటర్లు. స్పేర్ చక్రం, దాని చట్రం కలిసి 60 కిలోలు, యాక్సిల్‌కు 1.25 మీటర్లు వెనుక. లెక్క కడితే వెనుక యాక్సిల్ మీద పడేది 60 కాదు, 84 కిలోలు. ముందు నుంచి 24 కిలోలు తగ్గుతాయి. స్టీరింగు తేలికైందని ఇన్నాళ్లూ అనుకున్నది ఇదే. చక్రాన్ని తిరిగి బండి అడుగున దాని పాత చోటికి పంపాలా అన్నది తర్వాత చూడాలి. రాళ్లలో అడుగున ఉంటే అది దెబ్బలు తింటుంది, వెనుక ఉంటే కమాను దెబ్బలు తింటుంది.

చక్రం హబ్బు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు: ఖాళీగా 545 మి.మీ., రోజువారీ 512, ప్రయాణంలో 465. ఖాళీగా ఉన్నప్పుడు బంప్ స్టాప్ సందు 95.

61,318 కి.మీ.

మొదటి 200 కిలోలకు 33 మి.మీ. దిగింది. అంటే రెండు కమానులూ కలిసి మిల్లీమీటరుకు 6 కిలోలు, ఒక్కోటి 3 కిలోలు మోస్తున్నాయి. తర్వాతి 350 కిలోలకు 58 దిగాల్సింది, 47 మాత్రమే దిగింది. కట్ట అడుగున ఉండే మందపాటి పట్టీ ఆ బరువు దగ్గర పైవాటికి ఆని మోత పంచుకుంది.

కాటా పది కిలోల అంచెల్లో చూపిస్తుంది కాబట్టి ఇంట్లో మరోసారి సరిచూశాను. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు పది, సరిగ్గా యాక్సిల్ పైన. ఒక జాగ్రత్త: డబ్బాలు ఎక్కించేటప్పుడు తీసిన కొలతకూ దించేటప్పుడు తీసిన కొలతకూ 6 మి.మీ. తేడా వచ్చింది. పట్టీల మధ్య రాపిడి కమానును ఉన్నచోటే పట్టి ఉంచుతుంది. ప్రతిసారీ తొట్టిని బలంగా నొక్కి ఊపి, ఎక్కేటప్పటి కొలతకూ దిగేటప్పటి కొలతకూ సగటు తీయాలి. సగటు మళ్లీ 33 వచ్చింది. ఆ అంకె చూసి నిజంగా సంతోషం వేసింది.

ఇప్పుడు అసలు లెక్క. యాక్సిల్, చక్రాలు, బ్రేకులు కలిపి ఓ 200 కిలోలు కమానుల మీద పడవు, నేల మీద పడతాయి. వాటిని తీసేస్తే కమానులు మోసేది ఖాళీగా 590, రోజువారీ 790, ప్రయాణంలో 1,140 కిలోలు. పికప్ కష్టమంతా ఈ మూడు అంకెల్లో ఉంది. కారు వెనుక బరువు ఇద్దరు కూర్చుంటే కొంచెం పెరుగుతుంది; పికప్ వెనుక బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఒకే స్ప్రింగు ఈ రెండు చివరలకూ నప్పాలి.

బండి ఎంత మెత్తగా ఉంటుందో చెప్పడానికి సులువైన సూత్రం ఉంది. బరువుకు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు అణిగిందో దాని వర్గమూలంతో 5ను భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. ఖాళీ బండి 9.8 సెం.మీ. అణుగుతుంది, అంటే సెకనుకు 1.6 ఊపులు. కంపెనీ తయారుచేసినప్పుడు ఈ బండి నడక అది, నాకు నచ్చిన నడకా అదే. ఇప్పుడు రోజువారీ బరువుతో అది 1.4 దగ్గరికి జారింది, ప్రయాణంలో రబ్బరు మీద కూర్చుంది.

కాబట్టి నా కోరిక ఒక్క వాక్యంలో ఇమిడింది: రోజువారీ 790 కిలోలతో మళ్లీ 1.6 రావాలి. 790ని 9.9 సెం.మీ. అణిగేలా చేయాలంటే రెండూ కలిపి మిల్లీమీటరుకు 8 కిలోలు, ఒక్కో కమానుకు 4. ఎత్తు గురించి ఇంతవరకూ ఒక్క మాటా రాలేదు.

61,330 కి.మీ.

దారులన్నీ ఒక్కొక్కటిగా చూశాను.

అదనపు పట్టీ వేయించడం అన్నిటికంటే తేలిక. ఉన్న కట్టలో ఇంకొక పట్టీ దూర్చి బిగిస్తారు. పొట్టి పట్టీ వేస్తే దాని కొస ఎక్కడ ఆగుతుందో అక్కడే పైపట్టీ మీద ఒత్తిడంతా పోగుపడుతుంది, కాలక్రమంలో అక్కడే విరుగుతుంది. పొడవైన పట్టీ కొంత నయం. పైగా నా పాత పట్టీలు ఇప్పటికే వంపు కోల్పోయాయి. అలసిన ఎద్దుల పక్కన కొత్త ఎద్దును కడితే బరువంతా దాని మెడ మీదే పడుతుంది.

పాత కమానులకు మళ్లీ వంపు కొట్టించడం గురించీ అడిగాను. చల్లగా సుత్తి దెబ్బలతో వంచిన పట్టీ కొన్నాళ్లకే మళ్లీ చదునవుతుంది. సరిగ్గా కాల్చి, చల్లార్చి, పదును పెడితే నిలుస్తుంది, కానీ గట్టిదనం పెరగదు. ఉక్కు ఏ రకమైనా వంగే గుణం ఇంచుమించు ఒకటే, 200 గిగాపాస్కల్స్ చుట్టూ ఉంటుంది. మేలైన ఉక్కు ఎక్కువ వంపును, ఎక్కువ ఏళ్లను తట్టుకుంటుంది తప్ప ఎక్కువ బరువు మోయదు. మోతను నిర్ణయించేది పట్టీల కొలతలు. మందం ఘనానికి మోత పెరుగుతుంది: 7 మి.మీ. పట్టీ బదులు 8 మి.మీ. వేస్తే గట్టిదనం ఒకటిన్నర రెట్లు.

ఎయిర్ బ్యాగుల దగ్గర చాలాసేపు ఆగాను. ఆకర్షణ కాదనలేనిది: ఖాళీగా ఉంటే గాలి తీసేయవచ్చు, బరువు వేస్తే నింపవచ్చు. రోడ్డు మీద అప్పుడప్పుడూ ట్రెయిలర్ లాగేవారికి అది మంచి జవాబే. నా వాడకానికి కాదు, కారణం ఛాసిస్. కమాను బరువును రెండు కొసల దగ్గర, మీటరుకు పైగా ఎడంగా, ఛాసిస్‌కు అందిస్తుంది. బ్యాగు ఆ బరువులో పెద్ద వాటాను మధ్యలో, బంప్ స్టాప్ ఉండే ఒక్క బిందువు దగ్గర పొడుస్తుంది. వెనుక బంపరు దగ్గర బరువు వేలాడుతూ ఉండి, బండి గుంతలో పడి లేస్తే ఛాసిస్ ఆ బిందువు మీద మోకాలికి ఆనించిన కర్రలా వంగుతుంది. తెలిసిన ఒకరి డబుల్ క్యాబ్ పికప్‌ను కళ్లారా చూశాను. క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు కింద వేలెడు, పైన మూడు వేళ్లు. కింద పాకి చూస్తే క్యాబిన్ వెనకాల ఛాసిస్ కమ్మి మీద పెయింటు జుట్టులాంటి గీతగా చిట్లి ఉంది. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఇంటికి రాగానే మొదట నా బండికి అదే సందు కొలిచాను. పైనా కిందా సమానం. ఊపిరి పీల్చుకున్నాను.

యాక్సిల్‌కూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టి ఎత్తించడం వద్దనుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎత్తు వస్తుంది, మోత రాదు. పైగా తక్కువ గేరులో కొండ ఎక్కేటప్పుడు యాక్సిల్ తన చుట్టూ తాను తిరగబోయి కమానును ‘ఎస్’ ఆకారంలో మెలిపెడుతుంది. దిమ్మ ఆ మెలికకు చేతికర్ర అందిస్తుంది. చక్రాలు నేల మీద టకటకా గెంతడం అక్కడ మొదలవుతుంది. పొడవైన షాకిల్‌దీ అదే కథ: కమాను వెనుక కొసను ఛాసిస్‌కు వేలాడదీసే ఆ షాకిల్‌ను 50 మి.మీ. పెంచితే వచ్చే ఎత్తు అందులో సగమే, ఇంజను నుంచి వచ్చే షాఫ్ట్ యాక్సిల్‌కు కలిసే పినియన్ ముక్కు కోణం మాత్రం మారిపోతుంది.

కమానులు తీసేసి కాయిల్ స్ప్రింగులకు మారడం గురించి ఆశగా చదివాను. నవారా ఎన్‌పీ300 డబుల్ క్యాబ్, రేంజర్ రాప్టర్ వంటి పికప్‌లు వెనుక కాయిళ్లతోనే వచ్చాయి, 2021 నుంచి ఎఫ్-150 రాప్టర్ కూడా కమానులు వదిలేసింది. కానీ ఆ బండ్ల ఛాసిస్ దానికోసమే పుట్టింది. కమాను ఒక్కటే బరువూ మోస్తుంది, యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ పక్కలకూ కదలకుండానూ పట్టుకుంటుంది. దాన్ని తీసేస్తే ఆ పట్టు కోసం నాలుగైదు లింకులు, వాటికి ఛాసిస్ మీద వెల్డింగు బ్రాకెట్లు కావాలి. నా పనితనానికి అది తగదు.

మిగిలింది పూర్తి కొత్త కమాను కట్ట.

61,344 కి.మీ.

కట్టల్లోనూ రెండు తోవలు. పారాబోలిక్ కమానులో పట్టీలు రెండో మూడో, మధ్యలో మందంగా, కొసలకు సన్నగా, ఒకదానికొకటి మధ్యలోనూ కొసల్లోనూ తప్ప తగలవు. రాపిడి తక్కువ, నడక మెత్తన, బరువూ తక్కువ. మామూలు కట్టలో పట్టీలు ఎక్కువ, రాపిడి ఎక్కువ.

అయినా నేను మామూలు కట్ట వైపే వచ్చాను. ఒక లెక్క నన్ను ఒప్పించింది. మందం ఘనాల మొత్తం చూస్తే 8 మి.మీ. పట్టీలు మూడూ, 6 మి.మీ. పట్టీలు ఏడూ దాదాపు సమానంగా మోస్తాయి. కానీ ఒకే వంపుకు సన్నని పట్టీ ఉపరితలం మీద సాగుడు తక్కువ, అందుకే సన్నపట్టీల కట్ట మరింత లోతుగా వంగి కూడా అలసిపోదు. ఊరికి దూరంగా ఒక పట్టీ విరిగినా మిగతా ఆరు ఇంటికి చేరుస్తాయి. దానికి చెల్లించేది బరువు, రాపిడి. పట్టీల కొసల్లో నైలాన్ పలకలు ఉన్న కట్టనే ఎంచుకున్నాను. పట్టీల మధ్య గ్రీజు పూయడం నాకు ఇష్టం లేదు. ఇసుక అంటుకుని సానరాయిలా అరగదీస్తుంది.

రెండో పట్టీ కొస ముఖ్యపట్టీ కంటిని (బోల్టు దూరేలా గుండ్రంగా చుట్టిన కొసను) చుట్టి ఉందా అన్నది కూడా చూశాను. ముఖ్యపట్టీ కంటి దగ్గర విరిగినా యాక్సిల్ చోటు తప్పకుండా ఆ చుట్టు ఆపుతుంది.

అమ్మేవారు ఎప్పుడూ బండిలో ఉండే బరువును బట్టి వర్గాలుగా ఇస్తారు: ఖాళీ, 200 కిలోల చుట్టూ, 500 కిలోల చుట్టూ. “ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది, పెద్దదే తీసుకోండి” అన్నారు. ఆ మాట వినకపోవడానికి కాటా చీటీ నా జేబులో ఉంది. 500 కిలోల కట్ట ఒక్కోటి మిల్లీమీటరుకు 6 కిలోలు. నా రోజువారీ బరువుతో అది సెకనుకు దాదాపు 2 ఊపులు. ఏడాదిలో పదిహేను రోజుల ప్రయాణం కోసం మిగతా మూడొందల యాభై రోజులు వెనుక చక్రాలు రాయి మీద నుంచి రాయి మీదికి ఎగిరిపడతాయి. ఎగిరిన చక్రానికి పట్టు ఉండదు. కొండదారిలో గట్టి కమాను బలం కాదు, లోపం. 200 కిలోల కట్టనే తీసుకున్నాను, ఒక్కోటి 4 కిలోలు.

ఎత్తు దానంతట అదే వచ్చింది: రోజువారీ బరువుతో 40 మి.మీ. ఎక్కువ.

61,350 కి.మీ.

షాకులు. ముందు పొడవులు కొలవాలి. బంప్ స్టాప్ పూర్తిగా నలిగేదాకా జాకీతో ఒక వైపు యాక్సిల్‌ను లేపితే షాకు రెండు కళ్ల మధ్య 362 మి.మీ. చక్రం గాలిలో వేలాడితే, కొత్త కమానుల లెక్క కలుపుకుని, 590. ముడుచుకున్నప్పుడు 345, సాగినప్పుడు 600 ఉన్న షాకు కొన్నాను. ముడుచుకునే వైపు ఈ చోటు లేకపోతే రబ్బరు కంటే ముందు షాకు అడుగు కొట్టుకుంటుంది, పైబోల్టు తెగుతుంది.

ఒకే గొట్టం ఉన్న గ్యాసు షాకులా, రెండు గొట్టాలవా అన్నది ఎక్కువగా వాదించుకునే విషయం. ఒకే గొట్టంలో పెద్ద పిస్టన్ పడుతుంది, నూనె నేరుగా బయటి గోడకు తగులుతూ త్వరగా చల్లబడుతుంది. కానీ ఆ గోడ మీదే పిస్టన్ జారుతుంది, ఒక రాయి సొట్ట పెడితే పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. నా బండిలో వెనుక షాకులు యాక్సిల్ కంటే కిందికి వేలాడుతున్నాయి. బయటి గొట్టం సొట్టపడినా లోపలిది పని చేసే రెండు గొట్టాల రకాన్ని, నూనెలో గాలి కలవకుండా గ్యాసు బదులు నురుగు గొట్టం ఉన్నదాన్ని తీసుకున్నాను. వేగంగా ఎడారిలో దూసుకుపోయేవారు నాకు వ్యతిరేకంగా ఎంచుకుంటే అది వారికి సరైనదే.

ఒక చిన్న సంగతి చాలాకాలంగా కంటిముందు ఉన్నా ఇప్పుడే అర్థమైంది. వెనుక షాకుల్లో ఒకటి యాక్సిల్‌కు ముందు, ఇంకొకటి వెనుక ఉంటాయి. యాక్సిల్ మెలిక తిరగబోతే ఒకటి నొక్కుకుని మరొకటి సాగి దాన్ని అణచడానికే ఆ ఏర్పాటు.

61,352 కి.మీ.

బిగింపు. ఒక రోజనుకున్నది రెండు రోజులు పట్టింది.

ఛాసిస్‌ను కమాను ముందు కొస కంటే ముందుగా స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్ బరువు జాకీ మీద ఉంచాను. ముందు రోజే నట్లన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టాను. కమాను కళ్ల బోల్టులు మూడు వచ్చాయి. నాలుగోది, ఇంధన ట్యాంకు వైపుది, కంటిలో ఉండే రబ్బరు బుష్షు లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది. పానా తిప్పితే బోల్టుతో పాటు బుష్షు కూడా రబ్బరును మెలిపెడుతూ తిరిగి, వదిలితే వెనక్కి వస్తోంది. ట్యాంకు పక్కన నిప్పు పనికిరాదు. రంపపు బ్లేడును గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని కోయాల్సి వచ్చింది. రెండు గంటలు, మూడు బ్లేడ్లు. కోసిన ముక్క మధ్యలో సగం మందం దాకా తుప్పు తిని ఉంది. అది తెగడానికి ముందే బయటికి వచ్చినందుకు ఆ రెండు గంటలు దండగ అనిపించలేదు.

కొత్త కట్టను ఎక్కించేటప్పుడు దాని మధ్య బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. చీకట్లో చూపు ఆనదు. వేలు పెట్టి తడిమి, చుట్టూ సందు లేదని తెలుసుకున్నాకే జాకీ లేపాను. కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవి. పాతవి ఒకసారి సాగి ఉంటాయి, మళ్లీ బిగిస్తే పట్టు నిలవదు. నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, చివరికి మాన్యువల్ చెప్పిన టార్క్‌కు.

కళ్ల బోల్టులు, షాకిల్ బోల్టులు మాత్రం చేతిబిగువు వరకే ఉంచి బండిని దించాను. మా తమ్ముడు టార్క్ రెంచి అందుకోబోతే ఆపాను.

“గాలిలో ఉండగానే బిగిస్తే ఏమవుతుంది అన్నయ్యా?”

బుష్షు రబ్బరు వేలాడే భంగిమలోనే పట్టుబడుతుంది. దించగానే అది మెలి తిరిగి, ఆ మెలికతోనే జీవితమంతా ఉంటుంది, త్వరగా చిరిగిపోతుంది. చక్రాల మీద బరువు పడి, బండిని నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించాలి. వాడు బండి కింద పాకి అన్నీ బిగించాడు.

హబ్బు నుంచి అంచుకు 558. లెక్క కంటే 6 ఎక్కువ. షాకిల్ కొద్దిగా వెనక్కి వాలి ఉంది, అలాగే ఉండాలి. కమాను అణిగి చదునైన కొద్దీ పొడవు పెరుగుతుంది, ఆ పెరుగుదలకు షాకిల్ వెనక్కి జరిగి చోటివ్వాలి.

61,355 కి.మీ.

యాక్సిల్‌కు ఒక సన్నని కడ్డీతో కలిసిన బ్రేకు వాల్వును దాదాపు మరిచిపోయాను. తొట్టి దిగితే బరువు ఉందని గ్రహించి వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచడం, లేస్తే తగ్గించడం దాని పని. 40 మి.మీ. లేచిన బండిని అది ఖాళీ బండి అనుకుంటుంది. వాల్వు బ్రాకెట్టును అంతే దించి బిగించాను. బ్రేకు గొట్టం, హ్యాండ్‌బ్రేకు తీగ, యాక్సిల్ గాలి గొట్టం చక్రం వేలాడినప్పుడు బిగుసుకోలేదని చూసుకున్నాను. హెడ్‌లైట్లు గోడ మీద సరిచేశాను. వెనుక లేచింది కాబట్టి వెలుగు నేల వైపు దిగింది.

61,475 కి.మీ.

120 కిలోమీటర్ల తర్వాత యూ బోల్టు నట్లు మళ్లీ బిగించాను. ఎనిమిదీ కదిలాయి, రెండు దాదాపు పావు చుట్టు. పట్టీల మధ్య పెయింటు నలిగి కట్ట సన్నబడుతుంది, పట్టు వదులవుతుంది. ఇది ఎవరూ వదిలేయకూడని పని.

నిలబడిన చోటి నుంచి కదిలేటప్పుడు అడుగున సన్నని వణుకు. గంటకు 20 దాటితే పోతుంది. ఇంజను తిప్పుడును వెనుక యాక్సిల్‌కు చేర్చే రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్య బేరింగు దగ్గర కోణం పెరిగింది. బేరింగు బ్రాకెట్టు కింద 10 మి.మీ. స్పేసర్లు పెట్టాను. వణుకు పూర్తిగా పోలేదు, చేయి పెడితే తెలిసేంత మిగిలింది.

62,390 కి.మీ.

కమానులు కుదురుకున్నాయి: 550. నట్లు మరోసారి చూశాను, కదల్లేదు. అలల రోడ్డు మీద అదే అరగంట: ఎడమ షాకు 71 డిగ్రీలు, కుడిది 73.

62,910 కి.మీ.

అదే సామాను, అదే రాళ్లదారి. స్పేర్ చక్రాన్ని మాత్రం తొట్టిలో, క్యాబిన్‌కు ఆనించి కట్టాను. కాటా మీద వెనుక 1,290, ముందు 1,230. బయలుదేరే ముందు ఎత్తు 513, బంప్ స్టాప్ సందు 63. రెండు వైపులా 50 మి.మీ. బంకమట్టి ముద్దలు పెట్టాను, పైన బొటనవేలి ముద్ర వేసి.

పాత ప్రయాణంలో ఒళ్లు బిగపట్టుకుని దాటిన మూడు వాగుల దగ్గరా ఈసారి తొట్టిలోంచి ఒక్క చప్పుడూ లేదు. వెనుక చక్రం రాయి ఎక్కి దిగడం సీటులో తెలుస్తోంది, దెబ్బలా కాదు, కదలికలా. నిటారుగా ఉన్న చోట తక్కువ గేరులో ఒకసారి చక్రాలు గెంతబోయాయి. టైర్లలో గాలి ఇంకొంచెం తీస్తే ఆగింది.

సాయంత్రం టార్చి పట్టుకుని కిందికి పాకాను. ఎడమ ముద్ద 20 మి.మీ.కు అణిగింది, పైన రబ్బరు అచ్చు. కుడి ముద్ద మీద నా బొటనవేలి గీతలు ఉదయం వేసినట్టే ఉన్నాయి.